నాలుగున్నర రోజుల్లో ఓడ, నలభై ఏళ్ళకి ఆయాసం

వైద్యుడికి ఓడలతో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. రక్తపు పోటు గురించో, చక్కెర జబ్బు గురించో రాస్తే అది డాక్టరు రాయవలసిందే అనుకుంటారు. ఓడల గురించి రాస్తే, ఈయనకి చేతినిండా పని లేదు కాబోలు అనుకుంటారు. కాని మనం నివసిస్తున్న ఈ బే ఏరియాలో ఓడల కథా, వైద్యం కథా ఒకే రేవులో కలిసి పెరిగాయి. మనలో చాలామంది జేబుల్లో ఉన్న ఆరోగ్య బీమా కార్డుకు పుట్టిల్లు ఎడారిలో ఒక కాలవ పని అయితే, అది పెరిగి పెద్దదైన చోటు ఒక ఓడల కార్ఖానా. ఆ కార్ఖానా మూతపడి ఎనభై ఏళ్ళు అవుతోంది. అది కట్టిన ఓడలు దాదాపు అన్నీ తుక్కయిపోయాయి. మిగిలినవి రెండే: ఒకటి తెలిసి కట్టిన ఆసుపత్రి, రెండోది తెలియకుండా పనివాళ్ళ ఊపిరితిత్తుల్లో పేరుకున్న దుమ్ము. ఈ రెండింటి గురించే ఈ వ్యాసం.

ఓడ ఎరుగని ఓడల యజమాని

శాన్ రఫెయిల్ వంతెన ఎక్కబోయే ముందు ఎడమచేతి వైపు కనిపించే ఊరు రిచ్‌మండ్. 1940లో అక్కడి జనాభా సుమారు 24 వేలు. చమురు శుద్ధి కర్మాగారం, రైలు స్టేషను, ఫోర్డు కార్ల ఫ్యాక్టరీ, తక్కినదంతా బురద నేల. మూడేళ్ళు తిరిగేసరికి ఆ జనాభా 90 వేలు దాటింది.

కారణం యుద్ధం. అట్లాంటిక్ సముద్రంలో జర్మన్ జలాంతర్గాములు బ్రిటిష్ సరుకు ఓడలను ముంచేస్తున్నాయి. కొత్తవి కట్టేకంటే మునిగేవి ఎక్కువయ్యాయి. బ్రిటన్ తిండికీ ఆయుధాలకూ సముద్రం మీదే ఆధారపడ్డ దేశం. అందుకని 1940 డిసెంబరులో 60 సరుకు ఓడలు కట్టిపెట్టమని అమెరికాకు ఆర్డరు ఇచ్చింది. అందులో 30 ఓడలు రిచ్‌మండ్ వాటాకు వచ్చాయి. అప్పటికి అక్కడ షిప్‌యార్డే లేదు!

ఆ పని తలకెత్తుకున్న వ్యక్తి హెన్రీ కైజర్. 1882లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టాడు. చదువు అంతంతమాత్రం. ఫోటో స్టూడియోతో మొదలుపెట్టి, రోడ్ల కాంట్రాక్టరై, హూవర్ డ్యాము కట్టిన కంపెనీల కూటమిలో ఒకడై, గ్రాండ్ కూలీ డ్యాము కూడా కట్టాడు. ఓడలు మాత్రం ఎన్నడూ కట్టి ఎరగడు. తరతరాలుగా ఓడలు కట్టేవాళ్ళకు ఇది నవ్వులాటగా కనిపించింది. కాని అతనికి ఓడలు తెలియకపోవడమే ఒక విధంగా కలిసివచ్చింది.

పాత పద్ధతిలో ఓడ కట్టడమంటే ఇల్లు కట్టడం లాంటిది. ముందు కీలు వేస్తారు, అంటే ఓడ వెన్నెముక. దాని మీద పక్కటెముకల్లా దూలాలు నిలబెడతారు. వాటికి రేకు మీద రేకు తాపి, ఎర్రగా కాల్చిన రివెట్లు కొడుతూ పోతారు. రివెట్లు కొట్టడం ఏళ్ళ తరబడి నేర్చుకోవలసిన విద్య. ఒకరి పని పూర్తయితే గాని మరొకరికి చోటు ఉండదు. కైజర్ మనుషులు డ్యాములు కట్టినవాళ్ళు గనక ఓడను కూడా ముక్కలుగా చూశారు. ముందుభాగం ఒకచోట, వెనకభాగం మరొకచోట, పై గదులు వేరొక షెడ్డులో విడివిడిగా తయారుచేసి, పెద్ద క్రేన్లతో ఎత్తి తెచ్చి అతికించారు. రివెట్ల బదులు వెల్డింగు వాడారు. ముక్కను తిరగేసి పెడితే వెల్డరు తల పైకెత్తి చెయ్యవలసిన పని కూర్చుని కిందకు చూస్తూ చెయ్యవచ్చు. ఆ పని కొద్ది వారాల శిక్షణతో ఎవరికైనా వస్తుంది. నిన్నటిదాకా పత్తి ఏరినవాళ్ళు, హోటల్లో కప్పులు కడిగినవాళ్ళు, వంటింట్లోంచి మొదటిసారి బయటికి వచ్చిన ఆడవాళ్ళు వెల్డర్లయ్యారు. రిచ్‌మండ్ కూలీల్లో నాలుగో వంతుకు పైగా ఆడవాళ్ళే.

అమెరికా తన అవసరానికి ఎంచుకున్న నమూనాకు లిబర్టీ ఓడ అని పేరు. పొడవు 441 అడుగులు. గంటకు 11 నాటికల్ మైళ్ళ వేగం. అప్పటికే పాతబడిన ఆవిరి ఇంజను. చూడటానికి అందంగా ఉండదని రూజ్వెల్టు దగ్గర్నుంచి పత్రికలదాకా వెక్కిరించారు. అయితేనేం, 1941 నుంచి 1945 దాకా దేశమంతటా 18 యార్డుల్లో 2,710 లిబర్టీ ఓడలు కట్టారు. ఇలా ఒకే నమూనాలో ఇన్ని ఓడలు అంతకు ముందు ఎవరూ కట్టలేదు. బాల్టిమోరులో కట్టిన మొదటిదానికి 244 రోజులు పట్టింది. తరవాత సగటు ఆరు వారాలకు దిగింది. రిచ్‌మండ్‌లోని నాలుగు యార్డులు కలిసి, లిబర్టీలూ ఇతర రకాలూ మొత్తం 747 ఓడలు దించాయి.

1942 నవంబరులో రెండవ నంబరు యార్డులో రాబర్ట్ పియరీ అనే ఓడ కీలు వేసిన దగ్గర్నుంచి నీటిలోకి జారేదాకా పట్టిన కాలం 4 రోజుల 15 గంటల 29 నిమిషాలు. ఇందులో కిటుకు లేకపోలేదు. ముక్కలన్నీ ముందే తయారుచేసి వరసగా పేర్చి పెట్టుకున్నారు. గడియారం కీలుతో మొదలైంది గాని పని అంతకుముందే మొదలైంది. పోర్ట్‌లండులో కైజర్ కొడుకు ఎడ్గార్ యార్డు పది రోజుల్లో ఓడ దించిందని వచ్చిన పంతం ఇది. అయినా అది ఉత్త ప్రదర్శన కాదు. ఆ ఓడ యుద్ధమంతా పనిచేసి 1963లో గాని తుక్కుకు వెళ్ళలేదు.

వేగానికి మూల్యం ఇనుములోనే ముందు కనిపించింది. 1943 జనవరి 16న పోర్ట్‌లండు యార్డులో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు, తుఫాను లేదు, అల లేదు, రేవులో కట్టేసి ఉండగానే పెద్ద చప్పుడుతో నడిమికి రెండుగా పగిలింది. మొదట వెల్డర్ల చేతకానితనం అన్నారు. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే మహిళా శాస్త్రవేత్త అసలు కారణం తేల్చింది. ఆ రకం ఉక్కు చలిలో గాజులా పెళుసవుతుంది. రివెట్ల ఓడలో బీట పడితే ఆ రేకు అంచుతో ఆగుతుంది. వెల్డింగు ఓడ మొత్తం ఒకే రేకు గనక బీట ఆగకుండా పోతుంది. కారణం తెలిశాక ఓడల మూలలు గుండ్రం చేశారు, అడ్డుపట్టీలు వేశారు. ఉక్కు చెప్పే జవాబు త్వరగానే వస్తుంది. మనిషి దేహం చెప్పే జవాబుకు ఎక్కువకాలం ఆగాలి.

మేకులు పీకిన డాక్టరు

ఇక వైద్యం సంగతి. రిచ్‌మండ్‌కు వచ్చినవాళ్ళు మనలాగే వలస వచ్చినవాళ్ళు. టెక్సాస్, ఓక్లహోమా, ఆర్కన్సా, లూయిజియానా రాష్ట్రాల నుంచి పెట్టే బేడా సర్దుకుని రైలెక్కారు. మనం డిగ్రీలు పట్టుకుని వచ్చాం, వాళ్ళు చేతులు పట్టుకుని వచ్చారు, అంతే తేడా. ఉండటానికి ఇళ్ళు లేవు. ఒకే మంచాన్ని మూడు షిఫ్టుల వాళ్ళు వంతులవారీగా అద్దెకు తీసుకునేవారు. ఒకరు లేచేసరికి మరొకరు పడుకునేవారు, పక్క చల్లారేది కాదు. బలమైన యువకులంతా సైన్యానికి వెళ్ళారు గనక వచ్చినవాళ్ళలో వయసు మళ్ళినవాళ్ళు, సైన్యం పనికిరారని తిప్పి పంపినవాళ్ళు ఎక్కువ. న్యుమోనియా విపరీతంగా వచ్చేది. ఊళ్ళో డాక్టర్లా, సగం మంది యుద్ధానికి పోయారు.

అప్పుడు కైజర్‌కు సిడ్నీ గార్ఫీల్డు గుర్తుకు వచ్చాడు. ఈయన కథ ఓడలకంటే ముందే మొదలవుతుంది.

1933లో కొలరాడో నది నీళ్ళు లాస్ ఏంజెలెస్‌కు తెచ్చే కాలవ పని మొహావీ ఎడారిలో జరుగుతోంది. చదువు ముగించుకుని ఉద్యోగం దొరకని యువ సర్జన్ గార్ఫీల్డు, అప్పు చేసి డెజర్ట్ సెంటర్ అనే చోట 12 మంచాల ఆసుపత్రి కట్టాడు. రోగులకు కొదవలేదు. డబ్బే రాలేదు. పనిలో తగిలిన దెబ్బలకు బీమా కంపెనీలు ఇచ్చేవి. అవీ ఆలస్యంగా, బేరాలాడి. పెద్ద కేసులను నగరానికి తరలించుకుపోయేవి. మామూలు జబ్బులకు కూలీల దగ్గర డబ్బుండేది కాదు. ఆయన మూసేసి వెళ్ళిపోదామనుకునే సమయానికి హెరాల్డ్ హాచ్ అనే బీమా అధికారి ఒక ఉపాయం చెప్పాడు. ప్రతి కూలీకీ రోజుకు 5 సెంట్ల చొప్పున బీమా కంపెనీ ముందే ఇచ్చేస్తుంది. దెబ్బలు తగిలినా తగలకపోయినా ఆ డబ్బు డాక్టరుదే. మరో 5 సెంట్లు కూలీ తన జీతంలోంచి ఇస్తే పనికి సంబంధం లేని జబ్బులకు కూడా వైద్యం.

దీనితో లెక్క తలకిందులైంది. అంతవరకు కూలీకి దెబ్బ తగిలితే డాక్టరుకు రాబడి. ఇప్పుడు దెబ్బ తగలకపోతే డాక్టరుకు మిగులు. గార్ఫీల్డు ఆసుపత్రి వదిలి పని జరిగే చోటికి వెళ్ళి, చెక్కల్లోంచి పైకి పొడుచుకు వచ్చిన మేకులు పీకించడం, సొరంగాల్లో కూలీల నెత్తి మీద రాళ్ళు పడకుండా జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు. గాయానికి కుట్లు వేసే సర్జన్, గాయం చేసే మేకును వెతుక్కుంటూ వెళ్ళాడన్నమాట! వైద్య విద్యార్థులకు నివారణ గురించి నాలుగేళ్ళు ఉపన్యాసాలు చెప్పినా ఇంత బాగా బోధపడదేమో.

1938లో ఎడ్గార్ కైజర్ ఆయన్ని గ్రాండ్ కూలీ డ్యాముకు పిలిపించాడు. అక్కడ కూలీల కుటుంబాలు కూడా పథకంలో చేరాయి. 1942లో గార్ఫీల్డు సైన్యంలో చేరబోతుండగా, పెద్ద కైజర్ ప్రభుత్వంతో మాట్లాడి ఆయన్ని విడిపించుకుని రిచ్‌మండ్‌కు తెచ్చుకున్నాడు.

రిచ్‌మండ్‌లో వైద్యం మూడంచెలుగా జరిగేది. యార్డుల్లోనే ప్రథమ చికిత్సా కేంద్రాలు, యార్డుల పక్కన ఒక ఫీల్డు ఆసుపత్రి, పెద్ద జబ్బులకు ఓక్లండులో ప్రధాన ఆసుపత్రి. ఓక్లండులో ఫాబియోలా అనే పాత ఆసుపత్రి పాడుపడి ఉంటే కొని బాగుచేసి 1942 ఆగస్టులో తెరిచారు. వారానికి 50 సెంట్లు జీతంలోంచి కోత. ఇష్టమైతేనే. యార్డుల్లో 90 వేల పైగా జనం ఉన్న రోజుల్లో అత్యధికులు ఇష్టపడే చేరారు. తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ వేరు వార్డులు పెట్టలేదు. 1942లో ఇది చిన్న విషయం కాదు.

ఎందుకంటే యార్డులో పద్ధతి వేరు. బాయిలర్ మేకర్స్ యూనియన్‌లో నల్లవాళ్ళకు చోటు లేదు. చందా కట్టించుకుని, ఓటు హక్కు లేని అనుబంధ శాఖల్లో పడేసేవారు. అలాంటి ఒక శాఖ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన బెటీ రీడ్ సోస్కిన్, దాదాపు డెబ్భై ఏళ్ళ తరవాత అదే రిచ్‌మండ్‌లో నేషనల్ పార్కు రేంజరుగా ఆ కథ యాత్రికులకు చెప్పి, 2022లో నూరేళ్ళు నిండాక రిటైరయ్యారు. సాసలీటోలోని మారిన్‌షిప్ యార్డులో జోసెఫ్ జేమ్స్ అనే వెల్డరు కోర్టుకెక్కాడు. 1944 చివర్లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. కాని ఎనిమిది నెలలు తిరగకుండా యుద్ధం ముగిసింది, యార్డుల్లో పనీ ముగిసింది. చివర వచ్చినవాళ్ళు ముందు పోయారు. హక్కు చేతికొచ్చేసరికి ఉద్యోగం లేదు.

యార్డులు మూతపడటంతో వైద్య పథకానికి కూడా నూకలు చెల్లాయనే అందరూ అనుకున్నారు. సభ్యులు ఒక్కసారిగా కరిగిపోయారు. డాక్టర్లు పన్నెండు మంది దాకా మిగిలారు. అప్పుడు, 1945లో, పథకాన్ని బయటి ప్రజలకు తెరిచారు. కైజర్ సిమెంటు ఫ్యాక్టరీ పక్కన పారే వాగు పేరు పెర్మనెంటే. ఎండాకాలంలో కూడా ఎండని వాగు గనక స్పానిష్ వాళ్ళు పెట్టిన పేరట. కైజర్ భార్య బెస్‌కు ఆ పేరు ఇష్టం. అదే ఆసుపత్రికీ పెట్టారు. వాగు లాగే అదీ ఎండిపోలేదు.

స్థానిక వైద్య సంఘాలు కత్తి కట్టాయి. జీతానికి పనిచేసే డాక్టరు డాక్టరే కాదన్నారు. ముందుగా డబ్బు తీసుకోవడం నీతి బాహ్యమన్నారు. సోషలిజం అన్నారు. అక్కడ పనిచేసే వైద్యులను సంఘాల్లోకి రానివ్వలేదు. పథకాన్ని ఆదుకున్నది కార్మిక సంఘాలే. 1950లో హారీ బ్రిడ్జెస్ నాయకత్వంలోని రేవు కూలీల యూనియన్ మొత్తంగా వచ్చి చేరింది. నేడు ఆ సంస్థ సభ్యులు కోటీ ఇరవై లక్షల పైచిలుకు. దాని గుణదోషాల గురించి మన విందుల్లో జరిగే వాదోపవాదాలు నేను ఇక్కడ తిరిగి రాయనక్కరలేదు.

కంటికి కనపడని మేకు

ఇంతవరకు చెప్పింది సంతోషం కలిగించే కథ. రెండో కథ కూడా అదే ఓడలో, అదే రోజుల్లో మొదలైంది.

లిబర్టీ ఓడ ఆవిరితో నడుస్తుంది. బాయిలర్ల నుంచి ఇంజనుకు, ఇంజను నుంచి ఓడ నలుమూలలకూ గొట్టాలు. వేడి పోకుండా, మనుషుల చేతులు కాలకుండా వాటికి ఆస్బెస్టాస్ చుట్టాలి. ఆస్బెస్టాస్ రాతిలో దొరికే నార. కాలదు, కుళ్ళదు, చవక. దాన్ని రంపంతో కోసి, నీళ్ళతో ముద్ద కలిపి గొట్టాలకు పూసేవారు. ఓడ గర్భంలో కిటికీలుండవు. కోసినప్పుడు లేచే దుమ్ము అక్కడే తిరుగుతుంది. చుట్టేవాడితో పాటు ఆ పక్కనే వెల్డింగు చేసే అమ్మాయీ, కరెంటు తీగలు లాగే అబ్బాయీ, చివర్న ఊడ్చే ముసలాయనా అదే గాలి పీల్చారు. బట్టల మీద దుమ్ము ఇంటికి వెళితే ఉతికిన భార్య కూడా పీల్చింది.

ఆస్బెస్టాస్ ప్రమాదమని అప్పటికి ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో మెరివెదర్ అనే వైద్యాధికారి 1930లోనే ఆస్బెస్టాస్ నేత మిల్లుల కూలీలను పరీక్షించి, వాళ్ళ ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడుతున్నాయని చూపించాడు. 1931లో అక్కడ దుమ్ము గురించి చట్టం వచ్చింది. అమెరికాలో కూడా యుద్ధకాలంలో యార్డుల భద్రతకు నియమాలు రాశారు. రాయడం వేరు, నాలుగు రోజుల్లో ఓడ దించుతూ పాటించడం వేరు.

ఈ సందర్భంలో చెప్పుకోవలసిన పేరు ఫిలిప్ డ్రింకర్. హార్వర్డు ఆచార్యుడు. పోలియోతో ఊపిరాడని పిల్లలను బతికించిన ఇనుప ఊపిరితిత్తి యంత్రాన్ని 1928లో తయారుచేసింది ఆయనే. యుద్ధకాలంలో ఓడల కమిషనుకు ఆరోగ్య సలహాదారు. ఆయనా సహచరులూ నౌకాదళం ఓడలు కట్టే యార్డుల్లో గొట్టాలకు ఆస్బెస్టాస్ చుట్టే 1,074 మందిని పరీక్షించి 1946లో ఫలితాలు అచ్చువేశారు. వెయ్యి మందిలో జబ్బు కనిపించింది ముగ్గురికే. కనక ఇది అంత ప్రమాదకరమైన వృత్తి కాదు అని తేల్చారు.

అంకెల్లో అబద్ధం లేదు. కాని అదే వ్యాసంలో మరో అంకె ఉంది. పరీక్ష చేసినవాళ్ళలో నూటికి 95 మంది ఆ పనిలో చేరి పదేళ్ళు కాలేదు. జబ్బు కనిపించిన ఆ ముగ్గురూ ఇరవై ఏళ్ళకు పైగా ఆ పనిలో ఉన్నవాళ్ళు. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే జబ్బులు బయటపడటానికి ఇరవై నుంచి యాభై ఏళ్ళు పడుతుంది. నిన్న నాటిన మామిడి టెంకను నేడు తవ్వి చూసి, కాయలు లేవు గనక ఇది మామిడి కాదు అన్నట్టయింది. ఇనుప ఊపిరితిత్తి కనిపెట్టిన మేధావికి మాంసపు ఊపిరితిత్తి ఎంత నెమ్మదిగా మాట్లాడుతుందో ఆ పరిశీలనలో అందలేదు. ఆ వ్యాసం ఎన్నో ఏళ్ళపాటు ఫరవాలేదు అనేవాళ్ళ చేతిలో ఆధారంగా నిలిచింది.

1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్, ఆయన సహచరులూ ఆస్బెస్టాస్ గనుల ప్రాంతంలో ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే అరుదైన క్యాన్సరును, మీసోథీలియోమాను, 33 మందిలో చూసి వెల్లడించారు. 1964లో న్యూయార్కులో డాక్టర్ ఇర్వింగ్ సెలికాఫ్ ఆస్బెస్టాస్ చుట్టే కూలీల యూనియన్ పాత రికార్డులు తీసుకుని, ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు దేనితో పోయారు అని ఒక్కొక్క పేరూ వెంటాడి లెక్కగట్టాడు. అసలు కిటుకు అదే. నేడు పనిలో ఉన్నవాళ్ళను చూస్తే ఆరోగ్యవంతులే కనిపిస్తారు. జబ్బుపడ్డవాళ్ళు పని మానేసి ఇళ్ళలో ఉంటారు, లేదా శ్మశానంలో ఉంటారు. 1978లో అమెరికా సర్జన్ జనరల్ దేశంలోని వైద్యులందరికీ ఉత్తరం రాశాడు. మీ దగ్గరికి వచ్చే రోగి యుద్ధకాలంలో షిప్‌యార్డులో పనిచేశాడేమో అడగండి అని. రాబర్ట్ పియరీ నీటిలోకి జారి అప్పటికి ముప్పై ఆరేళ్ళు.

గార్ఫీల్డు పద్ధతిలోని బలమూ బలహీనతా ఇక్కడే కనిపిస్తాయి. మేకు నేడు గుచ్చుకుంటే నేడే ఖర్చు. అందుకే డాక్టరు మేకు పీకించాడు. దుమ్ము నేడు పీలిస్తే ఖర్చు నలభై ఏళ్ళ తరవాత. అప్పటికి కూలీ ఎక్కడో, యార్డు ఎక్కడో, పద్దు పుస్తకం ఎక్కడో. జబ్బు ఎంతకాలం నడుస్తుందో లెక్క కూడా అంతకాలం నడిస్తేనే నివారణ గిట్టుబాటవుతుంది. యుద్ధం మూడు నాలుగేళ్ళ పద్దు, ఊపిరితిత్తి యాభై ఏళ్ళ పద్దు. ఈ రెండు పద్దులూ కలిపి చూసిన గుమాస్తా ఎవరూ లేకపోయారు.

విద్య దేశాలు దాటింది

రిచ్‌మండ్‌లో ఆగిన పని ప్రపంచంలో ఆగలేదు. పోర్ట్‌లండులో కైజర్ స్వాన్ ఐలండ్ యార్డులో పనిచేసిన ఎల్మర్ హాన్ అనే అతను, యుద్ధం తరవాత అమెరికన్ ఓడల యజమాని డేనియల్ లుడ్విగ్ తరఫున జపాన్‌లోని కూరే యార్డుకు వెళ్ళాడు. ఒకప్పుడు జపాన్ నౌకాదళం యుద్ధనౌకలు కట్టిన చోటు అది. ముక్కలుగా కట్టి వెల్డింగుతో అతికే విద్యను అక్కడి ఇంజనీర్లు నేర్చుకుని, గురువును మించిన శిష్యులయ్యారు. తరవాత కొరియా, ఆ తరవాత చైనా. నేడు ప్రపంచంలో తయారయ్యే ఓడల బరువులో నూటికి తొంభై వంతులకు పైగా ఈ మూడు దేశాలవే. ఓడ కట్టడం నేర్పిన అమెరికా సరుకు ఓడల్లో నామమాత్రంగా మిగిలింది.

మన విశాఖపట్నం సంగతి చెప్పకుండా తెలుగు పత్రికలో ఈ వ్యాసం ముగిస్తే బాగుండదు. రిచ్‌మండ్‌లో మొదటి ఓడ తయారవుతున్న రోజుల్లోనే, 1941 జూన్ 21న, వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వంలోని సింధియా కంపెనీ యార్డుకు విశాఖలో బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. రిచ్‌మండ్‌కు ప్రాణం పోసిన యుద్ధమే విశాఖకు అడ్డం పడింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పని కుంటుపడింది. మొదటి ఓడ జలఉషను నెహ్రూ గారు 1948 మార్చి 14న నీటిలోకి విడిచారు. 1952లో ప్రభుత్వం ప్రధాన వాటాదారై అది హిందుస్తాన్ షిప్‌యార్డు అయింది, 2010లో రక్షణశాఖ కిందికి వెళ్ళింది. రిచ్‌మండ్ యార్డు అయిదేళ్ళలో పుట్టి పోయింది. విశాఖ యార్డు ఆర్డర్లు లేని ఎండలూ, అప్పుల వానలూ తట్టుకుని ఎనభై ఏళ్ళు దాటి నిలిచింది. సింధియా కంపెనీ పోయినా సింధియా అనే పేరు విశాఖ వాసుల నోట ఇంకా ఉంది. అక్కడ కూడా ఓడకు కూలీ దేహమే పునాది. 2020 ఆగస్టు 1న కొత్త క్రేనును పరీక్షిస్తుండగా కూలి 11 మంది చనిపోయారు.

ఇక ఆస్బెస్టాస్ విషయంలో మనం పరాయివాళ్ళం కాము. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఆస్బెస్టాస్ గనులు నడిచాయి. మన ఊళ్ళలో బడి కప్పూ, పశువుల పాకా, అద్దె ఇళ్ళ వరసా సిమెంటు రేకులతోనే. ఆ సిమెంటులో కలిసింది ఈ నారే. పాత ఓడలు విరిచే గుజరాత్ అలంగ్ తీరంలో, ఎక్కడెక్కడి యార్డుల్లోనో చుట్టిన ఆస్బెస్టాస్‌ను వలస కూలీలు విప్పారు. అమెరికా ప్రభుత్వం తెల్ల ఆస్బెస్టాస్ మీద నిషేధం ప్రకటించింది 2024లో. మన దేశంలో రేకుల కోసం దిగుమతి సాగుతూనే ఉంది.

కంగారు పడవలసిన పని లేదు. కప్పు మీద కదలకుండా ఉన్న రేకు పెద్ద ప్రమాదం కాదు. దాన్ని రంపంతో కొయ్యడం, బెజ్జాలు వెయ్యడం, పగలగొట్టడం, పొడిగా ఊడ్చడం ప్రమాదం. ఊళ్ళో ఇల్లు బాగుచేయించేవాళ్ళు ఈ సంగతి మేస్త్రీకి చెప్పాలి. కనీసం రేకులు బాగా తడిపి, పగలకుండా దింపించాలి. పొగ తాగేవాళ్ళకు ఈ దుమ్ము తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

రిచ్‌మండ్ వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. రాబర్ట్ పియరీ కట్టిన రెండవ నంబరు యార్డు స్థలంలో నేడు పడవల రేవూ, ఇళ్ళూ, నడక బాటా ఉన్నాయి. 2000లో నేషనల్ పార్కు ఏర్పడింది. 1944లో అక్కడే కట్టిన రెడ్ ఓక్ విక్టరీ అనే ఓడ తిరిగివచ్చి మూడవ యార్డు దగ్గర ప్రదర్శనశాలగా నిలబడింది. దాన్ని ఎక్కి, కింది ఇంజను గదిలోకి ఇనుప నిచ్చెన దిగి చూడండి. ఆ ఇరుకు చోటులో ఎన్ని చేతులు పట్టి ఉంటాయో, ఎంత దుమ్ము లేచి ఉంటుందో పిల్లలకు చెప్పండి.

1700లో ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు, రోగిని అడగవలసిన పాత ప్రశ్నలకు ఒకటి చేర్చాడు: మీ వృత్తి ఏమిటి? మూడు వందల ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న అడగడానికి మా వైద్యులకు తీరిక దొరకదు. అందుకని పాఠకులకే ఒక మనవి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, వాళ్ళలో ఎవరైనా షిప్‌యార్డులోనో, రైల్వే వర్క్‌షాపులోనో, విద్యుత్ కేంద్రంలోనో, రేకుల ఫ్యాక్టరీలోనో పనిచేసి ఉంటే, ఆయాసమని డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ సంగతి అడగకపోయినా చెప్పండి. ఎన్నేళ్ళు చేశారో, ఎప్పుడు మానేశారో కూడా చెప్పండి. నలభై ఏళ్ళ కిందటి ఉద్యోగం ఇప్పుడెందుకని వాళ్ళు అంటారు. అందుకే చెప్పాలి.